కౌన్సెలింగ్ కుర్చీలో ఎవరు కూర్చోవాలి? గుంటూరు, ప్రకాశం పల్లెల బడులు - టీచర్లకు మనస్తత్వ శాస్త్ర శిక్షణ

కౌన్సెలింగ్ అనే మాటకి మన జిల్లాల్లో ఇప్పటికే మూడు అర్థాలున్నాయి. ఎంసెట్ (ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఈఏపీసెట్) రాసిన పిల్లలకి కౌన్సెలింగ్ అంటే సీటు కేటాయింపు. టీచర్లకి కౌన్సెలింగ్ అంటే బదిలీల్లో స్కూలు కోరుకోవడం. పల్లె కుర్రాళ్ళకి కౌన్సెలింగ్ అంటే ఎస్సై స్టేషనుకి పిలిపించి, గంటలకొద్దీ బయట కూర్చోబెట్టి, హెచ్చరించి పంపడం. నాలుగో అర్థం ఒకటుంది. ఒక మనిషి తన బాధ చెప్పుకుంటుంటే, వినడంలో శిక్షణ పొందిన ఇంకో మనిషి తీర్పు చెప్పకుండా వినడం, దారి వెతుక్కోవడానికి తోడుగా ఉండడం. మన బడుల్లోకి సరిగ్గా రానిది ఈ నాలుగోదే. అది వచ్చేటప్పుడు ఎవరి చేతుల్లోంచి, ఏ చదువుతో, ఎవరి కోసం వస్తుందన్నది దళిత ఉద్యమం పట్టించుకోవాల్సిన ప్రశ్న. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళ గురించి మనం చాలా మాట్లాడాం, పోరాడాం. ఆ హాస్టల్లో రాత్రిపూట నిద్రపట్టని పిల్లవాడి గురించి తక్కువ మాట్లాడాం. అందుకే ఈ వ్యాసం.

2025లో జరిగిన రెండు సంగతులు

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం మీద, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నడిచిన కేసు అది. ఆ తీర్పులో కోర్టు దేశం మొత్తానికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు పెట్టింది. తగిన చట్టం వచ్చేదాకా అవి అమల్లో ఉండాలంది. వంద మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల, కౌమారుల మానసికారోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకర్ని పెట్టుకోవాలి. వందకి తక్కువున్న చోట బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడదీయకూడదు. ఎస్సీ, ఎస్టీ తదితర అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పాలి. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి, కోచింగ్ సెంటరు, హాస్టలు, అన్నీ ఇందులోకి వస్తాయి. మన జిల్లా పరిషత్ హైస్కూళ్ళు, అంబేద్కర్ గురుకులాలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు చాలావాటిలో వందకి పైగానే పిల్లలుంటారు. అంటే అవసరం కాగితం మీద చట్టబద్ధమైంది.

అదే ఏడాది ఆగస్టులో ఇంకో ఉత్తర్వు వచ్చింది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి మనస్తత్వ శాస్త్రాన్ని దూరవిద్యలోగానీ, ఆన్‌లైన్‌లోగానీ చెప్పకూడదని యూజీసీ విశ్వవిద్యాలయాలకి చెప్పింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే కోర్సులన్నిటికీ ఇదే నియమం. వైద్యానికి దగ్గరగా ఉండే చదువులు ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల్సినవి, పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని నేర్చుకునేవి కావన్నది దాని వెనకున్న వాదన.

ఆ వాదనలో నిజముంది. గైడు చదివి, పరీక్ష రాసి, పట్టా పట్టుకొస్తే కౌన్సెలర్ అయిపోరు. ఎవరో అనుభవజ్ఞులు పక్కన కూర్చుని, నువ్వు ఇక్కడ విన్నావు, ఇక్కడ వినకుండా సలహా ఇచ్చేశావు అని చెప్తేనే ఈ విద్య అబ్బుతుంది. కానీ ఈ రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ప్రతి బడికీ మనిషి కావాలంటోంది. ఇంకోటి, ఉద్యోగం చేసుకుంటూ చదువుకోగలిగిన టీచరుకి ఉన్న పెద్ద తలుపు మూసేసింది. తలుపు మూసిన వాళ్ళు వేరే తలుపు తెరవకపోతే ఆ కుర్చీలోకి ఎవరొస్తారు? నగరంలో ఇంగ్లీషు మీడియంలో చదివి, రెండేళ్ళు రెగ్యులర్‌గా ఎం.ఎ. చేయగల స్తోమత ఉన్న ఇళ్ళ పిల్లలొస్తారు. వాళ్ళు రావడం తప్పు కాదు. వాళ్ళు మాత్రమే రావడం సమస్య.

ఈ మాట కొత్తది కాదు

బడిలో పిల్లలకి మార్గదర్శనం కావాలని మొదలియార్ కమిషన్ 1952-53లోనే చెప్పింది. 1954లో కేంద్రం ఇందుకోసం ఢిల్లీలో ఒక బ్యూరో పెట్టింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఇంకా స్పష్టంగా, కనీసం పది హైస్కూళ్ళకి ఒక కౌన్సెలర్ తిరుగుతూ ఉండాలని సిఫారసు చేసింది. ఆ కనీసం అన్నదానికి ఇప్పుడు అరవై ఏళ్ళు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లు ఆరోగ్య అంబాసిడర్లుగా ఉండాలన్న కార్యక్రమం వచ్చింది. దానికి శిక్షణ కొద్ది రోజులది. సైన్సు పాఠం చెప్తూ, మధ్యాహ్న భోజనం లెక్కలు రాస్తూ, యాప్‌లో ఫోటోలు ఎక్కిస్తూ ఉన్న టీచరు నెత్తిన ఇంకో బాధ్యత పడింది.

మన పల్లెల్లో ఈ పని పేరు లేకుండా చాలాకాలం నడిచింది. 1842లో గుంటూరుకి లూథరన్ మిషన్, 1866లో ఒంగోలుకి క్లౌ దొర బాప్టిస్టు మిషన్ వచ్చాక మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో చిన్న చిన్న బడులు వెలిశాయి. ఆ బడి పంతులు పల్లెలోనే ఉండేవాడు. పిల్లవాడు రాకపోతే ఇంటికెళ్ళి అడిగేవాడు. తండ్రి పాలేరుతనానికి పెడుతుంటే వాదించేవాడు. ఆ బోధలో మతమూ ఉంది, బెత్తమూ ఉంది, దాన్ని ఆదర్శం చేయక్కర్లేదు. అయినా బడి నుంచి ఇంటికి ఒక మనిషి నడిచి వెళ్ళే దారి ఆనాడుంది. 1972లో గుంటూరు జిల్లా తాడికొండలో రెసిడెన్షియల్ స్కూలు, 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. వేలాది దళిత పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాల్లోకి వెళ్ళారు. అయితే ఇల్లు దూరమైంది. పదేళ్ళ పిల్లవాడి బెంగ వార్డెన్ పట్టించుకోవాల్సిన విషయంగా ఏ రిజిస్టరులోనూ లేదు. ఇప్పుడు చాలామంది టీచర్లు గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు నుంచి బస్సుల్లో వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు. పల్లె ఎటుందో తెలియకుండానే ఒక స్కూల్లో ఏళ్ళు గడిచిపోవచ్చు.

శిక్షణలో ఏముంటుంది?

టీచరు కౌన్సెలర్ కావడానికి ప్రధానంగా రెండు దారులు. మొదటిది మనస్తత్వ శాస్త్రంలో రెండేళ్ళ ఎం.ఎ. లేదా ఎం.ఎస్సీ. మన రాష్ట్రంలో ఈ శాస్త్రానికి పాత ఇల్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం. అక్కడ 1967లో కె. రామకృష్ణారావు గారు మనస్తత్వ శాస్త్ర, పరామనస్తత్వ శాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర, కడప యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో కూడా విభాగాలున్నాయి. వ్యక్తిత్వ సిద్ధాంతాలు, సామాజిక మనస్తత్వ శాస్త్రం, అసాధారణ మనస్తత్వం, పరీక్షలూ కొలతలూ, గణాంకాలు, కౌన్సెలింగ్, ప్రాక్టికల్స్, స్థూలంగా ఇదీ సిలబస్.

రెండోది ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా. ఇది ప్రధానంగా పనిలో ఉన్న టీచర్ల కోసమే తయారైంది. ఏడాది కోర్సు. ఆరు నెలలు ఇంటి దగ్గర చదువు, మూడు నెలలు కేంద్రంలో ఉండి తరగతులు, మూడు నెలలు బడిలో ఇంటర్న్‌షిప్. ఒక్కో కేంద్రానికి 50 సీట్లు. దక్షిణాది రాష్ట్రాల టీచర్లకి కేంద్రం మైసూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, కేరళ, తమిళనాడు అన్నిటికీ కలిపి ఆ యాభై. ఒక మండలంలో ఉన్న స్కూళ్ళని లెక్కపెట్టుకుంటే ఈ అంకె ఏపాటిదో అర్థమవుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టు వేరు. జబ్బుని నిర్ధారించి చికిత్స చేసే ఆ వృత్తికి 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు కావాలి. బడి కౌన్సెలర్ జబ్బు పేరు పెట్టడు. వింటాడు, గుర్తిస్తాడు, తన వల్ల అయ్యేది చేస్తాడు, కానిదాన్ని సరైన చోటికి పంపుతాడు. ఈ నాలుగు పనుల్లో అన్నిటికంటే కష్టమైనది మొదటిది. ఎందుకంటే టీచరుగా మనకి అలవాటైంది చెప్పడం. పిల్లవాడు ఒక మాట అనగానే మనం పది మంచి మాటలు చెప్తాం. హితబోధకీ కౌన్సెలింగ్‌కీ తేడా ఇక్కడే. హితబోధలో పెద్దాయన మాట్లాడతాడు, పిల్లవాడు తల ఊపుతాడు. కౌన్సెలింగ్‌లో పిల్లవాడు మాట్లాడతాడు.

ఒక పిల్ల, మూడు చదువులు

ఇది ఏ ఒక్క పిల్ల కథా కాదు. చాలామందిలో కనిపించేవి కలిపి చెప్తున్నాం. ప్రత్తిపాడు వైపు ఒక ఊరు. మాదిగపల్లె నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల ఫిబ్రవరి మధ్య నుంచి బడికి రావడం తగ్గించింది. వచ్చిన రోజు వెనక బెంచీలో తల వాల్చి కూర్చుంటుంది. అడిగితే తలనొప్పి అంటుంది, కడుపులో నొప్పి అంటుంది.

మొదటి చదువు మామూలు టీచరుది. శ్రద్ధ లేదు, వాళ్ళ ఇళ్ళల్లో చదువు వాతావరణం లేదు. రెండో చదువు సగం శిక్షణ ఉన్నవాళ్ళది. ఒక ప్రశ్నావళి ఇచ్చి మార్కులు లెక్కేసి, కుంగుబాటు అనో, తెలివి తక్కువ అనో ఒక పేరు రాసుకుంటారు. మూడో చదువు ఈ నేల తెలిసిన కౌన్సెలర్‌ది. ఫిబ్రవరి అంటే మిరప కోతలు. తల్లి ముఠాలో తెల్లారకముందే వెళ్తుంది. చంటిపిల్లని చూసుకోవాల్సింది ఈ పిల్లే, లేదా ఈ పిల్లే కోతకెళ్ళాలి. కల్లంలో తాలుకాయ ఏరి, తొడిమలు తీసిన చేతుల మంట రాత్రంతా ఉంటుంది, కళ్ళు మండుతాయి, నిద్ర ఉండదు. పగలు బెంచీ మీద తల వాలడానికి ఇంతకంటే కారణం కావాలా? అయితే అక్కడితో ఆగకూడదు. కోతలు అందరి ఇళ్ళల్లోనూ ఉన్నాయి, ఈ పిల్ల ఒక్కతే ఎందుకు మాట్లాడటం మానేసింది? కోతకి వెళ్ళినచోట ఎవరైనా ఏమైనా అన్నారా, చెయ్యి వేశారా? పెళ్ళి మాట నడుస్తోందా? క్లాసులో ఎవరైనా కులం పేరుతో పిలిచారా? ఈ ప్రశ్నలు ఒక్కరోజులో అడిగేవి కావు. నమ్మకం కుదిరాక ఆ పిల్లే ఒక్కొక్కటీ చెప్తుంది.

ఈ మైదానానికి ఒక క్యాలెండరు ఉంది. అక్టోబరు నుంచి సంక్రాంతి దాటేదాకా పత్తి తీతలు, ఆ తర్వాత ఏప్రిల్ దాకా మిరప కోతలు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో, సరిగ్గా కోతల నడుమ వస్తాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలు గుంటూరు వైపు కోతలకి వలస వస్తాయి. ఆ పిల్లలు తమ ఊరి బడి రిజిస్టరులో గైరుహాజరు, ఈ ఊరి బడి రిజిస్టరులో అసలు లేరు. ఏ ఎం.ఎ. పుస్తకంలోనూ ఈ క్యాలెండరు ఉండదు. దీన్ని సిలబస్‌లోకి తేవాల్సింది మనమే.

పత్తితో ఇంకో సంగతి ముడిపడి ఉంది. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. కౌలు రైతుల్లో దళితులూ ఉన్నారు. అప్పులవాడు గుమ్మం దగ్గర నిలబడి అన్న మాటలు లోపల పుస్తకం పట్టుకున్న పిల్లవాడి చెవిన పడతాయి. చనిపోవాలనిపిస్తోందా అని పిల్లవాణ్ణి అడగడానికి టీచర్లు భయపడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అనుకుంటారు. ఆ భయానికి ఆధారం లేదు. నెమ్మదిగా, సూటిగా అడగడమే మేలని పరిశోధనలు చెప్తున్నాయి. అవునంటే ఆ పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకూడదు, ఇంటివాళ్ళతో మాట్లాడాలి, ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసి దూరంగా పెట్టించాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్ 14416కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.

కులం మనసులో చేసే పని

మనస్తత్వ శాస్త్రం అగ్రవర్ణాల చదువు, మనకెందుకు అనే మిత్రులున్నారు. ఆ అనుమానానికి కారణాలున్నాయి. కానీ ఈ శాస్త్రంలోనే మన వాదనకి బలమిచ్చే పరిశోధనలూ ఉన్నాయి. 1968లో అచ్చయిన ఒక పరిశోధనలో రోసెంతాల్, జాకబ్సన్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక బడిలో కొందరు పిల్లల పేర్లు లాటరీ పద్ధతిలో ఏరి, వీళ్ళు ఈ ఏడాది బాగా ఎదుగుతారని టీచర్లకి చెప్పారు. ముఖ్యంగా చిన్న తరగతుల్లో ఆ పిల్లల స్కోర్లు పెరిగాయి. ఆ పెరుగుదల ఎంత అన్నదాని మీద తర్వాత చాలా వాదం జరిగింది. టీచరు అంచనాకి బరువుందన్నది మాత్రం నిలిచింది. 1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ ఇంకోటి చూపారు. నీ జాతివాళ్ళు తెలివితక్కువ వాళ్ళన్న మాట గాలిలో ఉన్నప్పుడు, ఆ మాట నిజం చేస్తానేమోనన్న ఆందోళనే నల్లజాతి విద్యార్థుల పరీక్షని దెబ్బతీస్తుంది.

మనకి ఇంకా దగ్గరిది కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలతో చేసిన ప్రయోగం. 2004, 2006లలో ఇది అచ్చయింది. పిల్లలకి చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ఎవరూ ఎత్తనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరూ, కులం చదివి వినిపించాక అదే ఆటలో దళిత పిల్లలు వెనకబడ్డారు. తెలివి అదే, చెయ్యి అదే, కాగితం అదే. మారింది ఒక్కటే, కులం నలుగురిలో పలకడం.

ఇప్పుడు మన తరగతి గదికి రండి. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడు, ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి అని ఎన్ని బడుల్లో అంటున్నారు? ఆ ప్రయోగంలో ఒక్కసారి చేసిన పనిని మన బడులు ఏడాది పొడుగునా చేస్తున్నాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సంగతి చూడండి. 1910లలో ఎరుకల కుటుంబాలని నేరస్థ తెగ అని ముద్రవేసి అక్కడ సెటిల్‌మెంటు పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో వచ్చే మార్పుని ఏ చట్టం రద్దు చేస్తుంది? అంబేద్కర్ తన చిన్ననాటి బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోవడం, ప్యూన్ వచ్చి పోస్తేగానీ నీళ్ళు తాగలేకపోవడం గురించి రాశారు. అంత చదివిన మనిషి అన్నేళ్ళ తర్వాత కూడా ఆ దాహాన్ని గుర్తుపెట్టుకున్నారంటే, దాన్ని మనసులో మిగిలిన గాయంగా చదవడం మనస్తత్వ శాస్త్రం నేర్చుకోవాలి. మన యూనివర్సిటీ సిలబస్‌లలో ఫ్రాయిడ్‌కీ, రోజర్స్‌కీ ఉన్న చోటుతో పోలిస్తే కులానికి ఉన్న చోటెంత?

మూడు ప్రమాదాలు

మొదటిది, సర్దుకుపొమ్మని చెప్పడం. ఈ శాస్త్రం పాత పుస్తకాల్లో సర్దుబాటు అనేది పెద్ద మాట. దేనికి సర్దుకోవాలి? కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మాలల్ని చంపారు. చుండూరు గొడవ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న దగ్గర రాజుకుంది. కారంచేడు బాధితులు ఊరికి తిరిగి వెళ్ళకుండా చీరాలలో శిబిరం వేసుకుని అక్కడే స్థిరపడ్డారు. వాళ్ళ భయం జబ్బు కాదు, వాళ్ళ కోపం లోపం కాదు. ఊరికి వెళ్ళనని అనడమే వాళ్ళ ఆరోగ్యం. అయితే ఆ కుటుంబాల పిల్లలు చూసినదాని బరువు వాళ్ళతోనే పెరిగిందన్నదీ నిజం. అత్యాచారాల నిరోధక చట్టం కింద నష్టపరిహారం, భూమి, పిల్లల చదువు ఖర్చు లెక్కగట్టడం మనం పోరాడి సాధించుకున్నాం. మనసుకి తగిలినదాన్ని కూడా పునరావాసంలో భాగం చేయమని అడగాలి. పోరాటం, ఓదార్పు ఒకదానికొకటి అడ్డం కావు.

రెండోది, ఒకే మనిషి రెండు కుర్చీల్లో ఉండటం. ఉదయం లెక్కల్లో సున్నా వేసి, మధ్యాహ్నం నీ బాధ చెప్పు అంటే ఏ పిల్లవాడు చెప్తాడు? చెప్పింది స్టాఫ్‌రూంలో టీ తాగుతూ కబురైతే? ఊరి పెద్దకీ టీచరుకీ స్నేహముంటే? గోప్యత అనేది ఈ వృత్తికి ప్రాణం. దానికి హద్దు కూడా ఉంది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, దాచడం నేరం. ప్రాణానికి ప్రమాదమున్నప్పుడూ మౌనం పనికిరాదు. ఈ హద్దుల్ని మొదటిరోజే పిల్లలకి చెప్పాలి. కులం పేరుతో అవమానించింది సాటి టీచరే అయితే కౌన్సెలర్ ఎవరి పక్షం? ఈ ప్రశ్నకి శిక్షణలోనే జవాబు ఉండాలి.

మూడోది భాష. మన పిల్లలు కుంగుబాటు అనరు, ఆందోళన అనరు. బెంగెట్టుకున్నాను అంటారు, దిగులుగా ఉంది అంటారు, మనసు మనసులో లేదు అంటారు, గుండెల్లో రాయి పడ్డట్టుంది అంటారు. చాలాసార్లు బాధ ఒంట్లోంచి మాట్లాడుతుంది, తల తిరుగుతుంది, అన్నం సహించదు. ఇంగ్లీషు ప్రశ్నావళిని గ్రాంథికంలోకి మార్చి, దాంట్లో వచ్చిన స్కోరుని పిల్లవాడి మనసు అనుకోవడం అన్యాయం. ఈ మాటల్ని పుట్టుకతో ఎరిగినవాళ్ళు పల్లె నుంచి వచ్చిన టీచర్లు. మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళంగా మాకు తెలిసింది ఒకటుంది. క్లాసులో నోరు విప్పకపోవడానికి కారణం చాలాసార్లు తెలియకపోవడం కాదు, మన యాసకి ఎవరు నవ్వుతారోనన్న జంకు. ఆ జంకుని అనుభవించిన టీచరు ఎదుటి పిల్లలో దాన్ని ఇట్టే పట్టుకుంటారు. అయితే ఒక హెచ్చరిక. దళిత టీచరు ఉన్నారు కదా, దళిత పిల్లల బాధలన్నీ ఆయనే చూసుకుంటారని మిగతావాళ్ళు చేతులు దులుపుకోవడం ఇంకో రకం అంటరానితనం. కులం గురించి ఎక్కువ నేర్చుకోవాల్సింది కులం బాధ తెలియని టీచర్లే.

మనం ఏం అడగాలి?

ఒకటి, మూసిన తలుపుకి బదులు వేరే తలుపు. నాగార్జున విశ్వవిద్యాలయంలో, ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంలో పనిలో ఉన్న టీచర్ల కోసం ఎదురుగా కూర్చుని నేర్చుకునే కోర్సు పెట్టాలి. వేసవి సెలవుల్లో తరగతులు, బడి నడిచే నెలల్లో సొంత బడిలోనే పర్యవేక్షణతో ప్రాక్టీసు. నాణ్యతా ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది.

రెండు, జీతంతో కూడిన డెప్యుటేషన్. మైసూరు డిప్లొమాకి ప్రభుత్వమే టీచర్లని పంపాలి. అందులో మాల, మాదిగ, రెల్లి, యానాది, ఎరుకల, సుగాలి, చెంచు, అన్ని సముదాయాల వాళ్ళకీ రోస్టరు ప్రకారం వాటా, మహిళా టీచర్లకి సగం.

మూడు, హైస్కూలు సిబ్బందిలో కౌన్సెలర్ అనే రెగ్యులర్ పోస్టు. ఏటేటా మారే కాంట్రాక్టు మనిషికి పిల్లలు మనసు విప్పరు. అంతవరకూ టీచరే ఆ పని చేస్తుంటే తను పేపర్లు దిద్దే తరగతి పిల్లల్ని పక్క బడి కౌన్సెలర్‌కి అప్పగించాలి. పీరియడ్లు తగ్గించాలి. తలుపున్న ఒక గది ఇవ్వాలి. వరండాలో కౌన్సెలింగ్ జరగదు.

నాలుగు, సిలబస్‌లో కులం మీద పూర్తి పేపరు, తెలుగులో పాఠ్యపుస్తకాలు, ఇంటర్న్‌షిప్‌లో కొంత భాగం తప్పనిసరిగా సంక్షేమ హాస్టల్లో, వలస కూలీల గుడిసెల దగ్గర.

అయిదు, పంపే దారి. గుంటూరు జనరల్ ఆసుపత్రి మానసిక విభాగానికి, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికి బడి నుంచి ఉత్తరం తీసుకెళ్ళిన పిల్లవాణ్ణి ఓపీ వరసలో నిలబెట్టకుండా చూసే ఏర్పాటు, తోడు వచ్చిన తల్లికి ఆ రోజు కూలి.

ఇవి రావడానికి టైం పడుతుంది. అప్పటిదాకా ఉపాధ్యాయ మిత్రులు డిగ్రీ లేకుండానే చేయగలిగినవి ఉన్నాయి. కులం పేరు తరగతిలో పలకకుండా ఫారాలు నింపించొచ్చు. మార్కుల వరసలో పిల్లల్ని కూర్చోబెట్టడం మానొచ్చు. మిరప కోతల రోజుల్లో రాని పిల్లల ఇంటికి ఒక సాయంత్రం బస్సు వదిలేసి వెళ్ళొచ్చు. వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర నిలబడకుండా లోపల కూర్చుని ఇచ్చిన నీళ్ళు తాగొచ్చు. విద్యార్థి సంఘాలు తమ హాస్టళ్ళలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఏ మేరకు అమలయ్యాయో సమాచార హక్కు కింద అడగొచ్చు. ఉపాధ్యాయ సంఘాల డిమాండ్ల పట్టికలో డీఏ ఉంటుంది, పీఆర్సీ ఉంటుంది, పెన్షన్ ఉంటుంది. అవన్నీ న్యాయమైనవే. వచ్చే మహాసభలో ఆ పట్టికకి ఇంకొక్క వరస కలపమని ఎస్సీ, ఎస్టీ ఉపాధ్యాయ సంఘాలు పట్టుపట్టాలి: ప్రతి మండలానికీ శిక్షణ పొందిన కౌన్సెలర్లు, వాళ్ళలో పల్లె నుంచి వచ్చిన టీచర్లకి న్యాయమైన వాటా.